మ్బేయు మొగుడి రక్తం

మా ఇంట్లో కహిండి మ్వారోలు ఇద్దరు. ఒకడు నన్ను పెళ్ళాడినవాడు, రెండోవాడు నా కొడుక్కి పుట్టినవాడు. మా గిరియామ జాతి ఇళ్ళలో పెద్ద మనవడికి తాత పేరే పెడతారు, దాని వెనక తండ్రి పేరు తగిలిస్తారు. నా మామగారి పేరు మ్వారో, నా కొడుకు పేరూ మ్వారోయే. కాబట్టి తాతా మనవళ్ళిద్దరూ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు మోస్తున్నారు.

ఇంట్లో దీనివల్ల ఎన్నడూ చిక్కు రాలేదు. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరు కనక? ముసలాయన్ని అందరూ పెద్దాయన అంటారు. కుర్రవాణ్ణి నేను మొగుడా అంటాను, వాడు నన్ను పెళ్ళామా అంటాడు. వాడు పుట్టిన రోజున మంత్రసాని వాణ్ణి నా ఒళ్ళో పెట్టి, "ఇదిగో మ్బేయూ, నీ మొగుడు మళ్ళీ పుట్టాడు. ఈసారైనా సరిగ్గా పెంచుకో" అంది. పక్కనే నిలబడి ఉన్న పెద్దాయన మూతి ముడుచుకున్నాడు. ఆ మాట అప్పటినుంచీ అలా నడుస్తూనే ఉంది. మా వైపు ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస, ఇదే పరాచికం.

కరోనా వచ్చిన రెండో ఏడు, మొక్కజొన్న విరుస్తున్న రోజుల్లో ఇద్దరు మొగుళ్ళకీ ఒకేసారి జ్వరం తగిలింది. కుర్రవాడు కిరాయికి మోటారు బండి మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతాడు. ఆ నెలంతా వాడి బండి చావు ఇళ్ళకే తిరిగింది, ఎక్కడ అంటించుకున్నాడో ఎవరు చెప్పగలరు? పెద్దాయన కొబ్బరిచెట్లు ఎక్కి కల్లు గీస్తాడు. పైన ఆయనకి ఎదురయ్యేది కాకులే. కాబట్టి కుర్రవాడే ఆయనకి ఇచ్చి ఉంటాడని మా కోడలు కాచె తేల్చేసింది. తల్లి కదా, అనేసి మళ్ళీ తనే ఏడ్చింది.

ముగ్గురం ఒకే బండి మీద ఆస్పత్రికి వెళ్ళాం. దగ్గుతూ నడిపేవాడు ముందు, దగ్గుతూ వాణ్ణి తిట్టేవాడు మధ్యలో, ఇద్దరినీ పట్టుకుని నేను వెనక.

ఆస్పత్రి ఆవరణలో గుడారం వేసి, మనిషికీ మనిషికీ మధ్య మసక ప్లాస్టిక్ గుడ్డ వేలాడదీశారు. దానికి చెయ్యి పట్టేంత కంత. అవతలినుంచి గొంతు తప్ప మనిషి కనిపించదు. పేరు చెబితే ఆ కంతలోంచి చీటీ అంటించిన గాజు గొట్టం ఒకటి మన చేతికి వస్తుంది. అది పట్టుకుని లోపలికి వెళ్తే, తల నుంచి కాలి దాకా తెల్లటి సంచీలో దూరినట్టున్న మనిషి ఒకడు రక్తం తీసి అందులో నింపుతాడు. కళ్ళద్దాలకి ఆవిరి పట్టి అతనికీ ఏమీ కనిపించేది కాదనుకుంటా.

"పేరు?" అంది ప్లాస్టిక్ వెనక ఆడగొంతు.

"కహిండి మ్వారో" అన్నాడు కుర్రవాడు.

"తర్వాతి మనిషి?"

"కహిండి మ్వారో" అన్నాడు పెద్దాయన. ఇద్దరివీ బొంగురుపోయిన గొంతులే.

"ఒకసారి చెబితే చాలండీ."

"ఒకసారే చెప్పాను."

"అంటే ఇద్దరూ కహిండి మ్వారోలేనా?"

"పుట్టినప్పట్నుంచీ" అన్నాడు కుర్రవాడు.

"మరి చీటీ మీద ఎవరు ఎవరని రాయను? మీతో వచ్చిందెవరు?"

"నేనమ్మా, మ్బేయుని" అన్నాను.

"సరే. ముందున్నాయన మ్బేయుకి ఏమవుతారు?"

కుర్రవాడు ఒళ్ళు కాలిపోతున్నా ఊరుకోలేదు. "మొగుణ్ణి" అన్నాడు.

"రెండో ఆయన?"

పెద్దాయన నా వంక చూసి నిట్టూర్చాడు. "ఆయన మొగుడైనాక నేను మనవణ్ణే కదా."

వరసలో ఉన్నవాళ్ళంతా మావాళ్ళే. జ్వరాలతో, దగ్గులతోనే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అవతలి పిల్ల మాత్రం నవ్వలేదు. దేశానికి అవతలి కొసన సరస్సు వైపునుంచి కొత్తగా వచ్చిన లువో జాతి పిల్ల, మా పరాచికాలు ఎరగదు. పేరు అపోండి అని తర్వాత తెలిసింది. విన్నది విన్నట్టు రాసి రెండు గొట్టాలు కంతలోంచి అందించింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ముందుగా, "మ్బేయు భర్త రక్తం బాగుంది. జ్వరం బిళ్ళలు వేసుకుని ఇంట్లో ఉండొచ్చు" అన్నాడు. పెద్దాయన గబుక్కున లేచి నిలబడ్డాడు, డాక్టరు మనసు మార్చుకుంటాడేమోనన్నట్టు.

"మనవడిదే బాగాలేదు" అన్నాడు డాక్టరు. "ఈ జబ్బులో కొందరికి రక్తం సన్నసన్నగా గడ్డకడుతుంది. ఆ గడ్డలు కరుగుతుంటే వాటి తునకలు రక్తంలో తేలుతాయి. ఇతనికి అవి మరీ ఎక్కువ కనిపిస్తున్నాయి. ఒంట్లో వాపు చూపించే గుర్తు కూడా ఎక్కువే. ఇక్కడే ఉండాలి, పొట్టలో సూదులు వెయ్యాలి."

"నాకా?" అన్నాడు కుర్రవాడు.

"ముసలాయనకి లేనిది వీడికెందుకుందయ్యా?" అన్నాన్నేను.

"ఈ జబ్బు వయసు చూసి రావట్లేదమ్మా. వీడికన్నా చిన్నవాళ్ళు పడుకున్నారు లోపల."

నిజమే, పడుకున్నారు. తలుపు సందులోంచి చూశాను. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పడానికి వేలికి తగిలించే క్లిప్పు చూస్తే ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా చూపించింది. ఇంకేం అడగను? కుర్రవాణ్ణి వదిలేసి వస్తుంటే పెద్దాయన వాడి భుజం తట్టాడు. "భయపడకురా నా పేరుగలవాడా. నీ రక్తం కొత్తది, ఇంకా కుదురుకోలేదు. నాది పాతకాలపు సరుకు."

ఆ పాత సరుకు ఇంటికి చేరిన మర్నాడే చెట్టెక్కింది.

కల్లు చెట్టు సంగతి చెప్పాలి. పూగెలని పొద్దునా సాయంత్రం కోసలు చెక్కుతూ ఉంటేనే కారుతుంది. నాలుగు పూటలు మానితే మూసుకుపోతుంది. ఆ రోజుల్లో చేతికొచ్చిన గెలలు ఉన్నాయి ఆయనకి. జ్వరం బిళ్ళ వేసుకుంటే ఒళ్ళు చల్లబడేది, చల్లబడగానే కత్తి నడుముకి చెక్కుకునేవాడు. మా చెట్లకి మోకులు ఉండవు. కాండానికి కొట్టిన గాట్లే మెట్లు, చేతులే తాళ్ళు.

మూడో చెట్టు దిగి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కుడి పిక్కకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

"ఏమైంది?"

"పట్టేసింది."

"ఊపిరి చూడు, పరిగెత్తి వచ్చినట్టుంది."

"చెట్టెక్కి వచ్చాను మరి. చాప మీదనుంచి లేచి వచ్చాననుకున్నావా?"

"రెండ్రోజులు మానెయ్యి పెద్దాయనా. గెల పోతే ఇంకోటి వస్తుంది."

"నా రక్తం బాగుందని ఆస్పత్రే చెప్పింది" అన్నాడు. "నువ్వు ఆస్పత్రికన్నా గొప్పదానివా?"

ఇన్నేళ్ళ కాపురంలో నా మాటమీదికి ఎవరి మాటా తెచ్చి ఎరగడు. ఇప్పుడు ఆస్పత్రి దొరికింది. పొద్దుటికి పిక్క ఉబ్బి నునుపుగా మెరుస్తోంది. కాచె చూసి ఆకు పసరు కట్టింది. ఆయన ఆ కట్టుతోనే చెట్లలోకి వెళ్ళాడు.

నేను కుర్రవాడికి సంకటీ, కొబ్బరిపాలలో ఉడికించిన చేపా గిన్నెలో కట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. లోపలికి రానివ్వరు. వరండా చివర కటకటాల తలుపు దగ్గర నిలబడితే నర్సు వచ్చి తీసుకెళ్తుంది. ఆ రోజు వచ్చింది అపోండే. సన్నగా, పొడుగ్గా ఉంది. ముక్కు మీద ముసుగు ఒరుసుకుని మచ్చ పడింది.

"ఎవరికమ్మా?"

"కహిండికి."

"అతని భార్య తెస్తుందన్నాడే! పొద్దుట్నుంచీ మా పెళ్ళాం వస్తుంది, మా పెళ్ళాం చేప తెస్తుంది అని వార్డంతా ఊదరగొడుతున్నాడు. ఆవిడ రాలేదా?"

లోపల మంచం మీదనుంచి వాడు అరిచాడు. "వచ్చింది కదండీ! మీ ఎదురుగా నిలబడిందే, అదే! ఏమే పెళ్ళామా, చేప తల తెచ్చావా, నువ్వే తినేశావా?"

"తలే తెచ్చాను మొగుడా. నీకు లేనిది అదే కదా" అన్నాను.

వార్డు వార్డంతా నవ్వింది. ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్నావిడ కూడా చెయ్యి ఊపింది. అపోండి కూడా నవ్వింది. నవ్వుతూ గిన్నె అందుకోబోయి, చెయ్యి మధ్యలో ఆపేసింది.

"అమ్మా, నీ పేరేంటి?"

"మ్బేయు."

ఆ పిల్ల గిన్నె తీసుకోలేదు. వెనక్కి తిరిగి కుర్రవాడి మంచం దగ్గరికి వెళ్ళింది. "ఆ రోజు గుడారం దగ్గర నువ్వు ముందున్నావా, వెనకున్నావా?"

"ముందే."

"మ్బేయు మొగుణ్ణన్నది నువ్వా?"

"నేనే. కాదా మరి?" అని నవ్వాడు వాడు.

ఆమె మళ్ళీ నా దగ్గరికి పరుగున వచ్చింది. నిన్న కుర్రవాడి రక్తం రెండోసారి తీశారట. తునకలు అసలు లేవట. ఈ సూదికి ఇంత తొందరగా తగ్గవు, వేరే మనిషి రక్తంలాగా ఉందేమిటని పొద్దుట్నుంచీ డాక్టరూ ఆమె ఇద్దరూ తల బద్దలు కొట్టుకుంటున్నారట.

"అసలు మొగుడెక్కడున్నాడమ్మా?" అంది.

"చెట్టు మీద" అన్నాను.

ఆస్పత్రి బండి ఏదో ఊరికి వెళ్ళింది. కుర్రవాడే మంచం దిగి చొక్కా తొడుక్కున్నాడు. నిలబడగలవా అని అడిగింది అపోండి. "నాకు జబ్బే లేదని ఇప్పుడే చెప్పారు కదండీ" అన్నాడు. మళ్ళీ ముగ్గురం ఒకే బండి మీద. పిక్క వాపు సంగతి నా నోట విన్న ఆ పిల్ల మధ్యలో కూర్చుని, ఆ రక్తపు గడ్డ కాలినుంచి కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి నిలబడ్డచోటే పడిపోతాడని దారిపొడుగునా చెబుతూనే ఉంది. నిలబడ్డచోటే పడితే సరే. ఈయన నిలబడేది నేల మీద కాదు.

మేం వెళ్ళేసరికి ఇంటి వెనక ఎత్తుచెట్టు మీద ఉన్నాడు. కిందనుంచి మడమలే కనిపిస్తున్నాయి. కుర్రవాడు బండి ఆపీ ఆపకముందే అరవబోయాడు. వాడి నోరు చేత్తో మూశాను. అరిస్తే ఉలిక్కిపడతాడు. దిగు, నీకు జబ్బు అంటే ఈయన దిగే రకం కాదు. ఇంకో గెల చూసుకుని మరీ దిగుతాడు.

చెట్టు మొదట్లో నిలబడి, రోజూ పిలిచే గొంతుతోనే పిలిచాను. "పెద్దాయనా, ఇంటికి చుట్టం వచ్చింది. సరస్సు వైపు ఆడపిల్ల. మన కల్లు ఎన్నడూ రుచి చూడలేదట."

పైన కత్తి చప్పుడు ఆగింది. "తియ్యటిది కావాలా, పులిసింది కావాలా?"

అపోండి నా వంక చూసింది. నేను తల ఊపాను. "తియ్యటిది తాతా" అని అరిచింది.

"అయితే ఆగు పిల్లా. ఒలక్కుండా దింపాలి."

చుట్టానికి తెచ్చే కల్లు బుర్ర కదా, ఒక్క చుక్క ఒలకకూడదని గాటు గాటుకీ ఆగుతూ దిగాడు. సగంలో ఒకచోట చెట్టుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. కుర్రవాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజులు గుచ్చుకున్నాయి. తర్వాత మళ్ళీ దిగాడు. పాదాలు నేలకి ఆనగానే అపోండి ఆయన చేతిలో బుర్ర అందుకుని, ముసుగు కిందకి లాగి, గటగటా తాగేసింది. అప్పుడు ఆయన కట్టు విప్పి పిక్క చూసింది.

"తాతా, ఇంక నువ్వు నడవకూడదు. తప్పు మాది. నీ రక్తం చూసి అతన్ని ఉంచాం, అతని రక్తం చూసి నిన్ను పంపేశాం."

ఆయన మనవడి వంక చూశాడు. "అంటే బాగున్నది వాడి రక్తమా?"

"అవును."

"వెధవ" అన్నాడు మనవణ్ణి. అంతే. బండి మీద కూర్చోబెడుతుంటే కూర్చున్నాడు.

మొక్కజొన్న అంతా విరిచి కొట్లో పోసేదాకా ఆయన ఆస్పత్రిలోనే ఉన్నాడు. పొట్టంతా సూదుల మచ్చలు పడ్డాయి. రక్తం పల్చబడటానికి బిళ్ళలిచ్చి, ఆ బిళ్ళలు వేసుకున్నన్నాళ్ళూ కత్తి పట్టకూడదు, చెట్టెక్కకూడదు, ఎక్కడన్నా గీరుకుంటే రక్తం ఆగదు అని చెప్పి పంపారు. గెలలన్నీ మూసుకుపోయాయి. తర్వాత పూసిన పూలని గీసేవాళ్ళు లేక పిందెలు కట్టాయి. నా కోడలు కాపురానికి వచ్చినప్పట్నుంచీ కల్లు తప్ప ఇంకోటి ఇవ్వని చెట్లు! కాచె తలెత్తి ఆ కాయల్ని చూసి మురిసిపోయేది. పెద్దాయన ఆ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు.

ఏడాది చివర పడే చిన్న వానలు మొదలయ్యేముందు టీకాకి పిలిచారు. పెద్దాయన వెళ్ళాడు, కుర్రవాడు వెళ్ళలేదు. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరని బండ్లవాళ్ళంతా అనుకుంటున్నారట.

"నేను వేయించుకున్నా కదరా" అన్నాడు పెద్దాయన.

"నీకింక పుట్టకపోతే నష్టమేంటి తాతా?"

"నష్టమేం లేదు, మీ అవ్వ ప్రాణానికి హాయి. అయినా ముందు పెళ్ళి చేసుకో, తర్వాత పిల్లలు పుట్టరని ఏడుద్దువు గాని."

"నాకు పెళ్ళాం ఉంది" అని నన్ను చూపించాడు.

"ఆ మాటతోనే కదరా నన్ను చంపబోయావు" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు. కుర్రవాడు మాత్రం చేతిలో ముద్ద కిందపెట్టి లేచి వెళ్ళిపోయాడు.

అపోండి అప్పుడప్పుడు వచ్చేది. జబ్బు పడ్డవాళ్ళ రక్తం కొన్నాళ్ళపాటు చూస్తూ ఉండాలట. గొట్టం మీద పేరు రాసేముందు మొహంలోకి చూసేది, పుట్టిన ఏడు అడిగేది, మళ్ళీ మొహంలోకి చూసేది.

"ఇన్నిసార్లు పట్టుకెళ్తున్నావు, నా రక్తం అమ్ముకుంటున్నావా పిల్లా?" అనేవాడు పెద్దాయన.

"ఎవరు కొంటారు తాతా, సగం కల్లే కదా."

రెండో టీకా అయిన తర్వాత ఓ రోజు వచ్చి ఇద్దరి రక్తం సంగతీ చెప్పింది. జబ్బుతో పోరాడిన రక్తంలో యాంటీబాడీలని మిగులుతాయట, శత్రువు మొహం గుర్తుపెట్టుకునే కాపలావాళ్ళలాంటివి. జబ్బు వచ్చి తగ్గితే రెండు రకాలు మిగులుతాయి. టీకా వేస్తే వాటిలో ఒక రకమే పుడుతుంది. తాతకి రెండూ ఉన్నాయి, టీకా పుట్టించే రకమైతే పొంగిపొర్లుతోంది. కుర్రవాడివి రెండూ సన్నగిల్లుతున్నాయి.

"మళ్ళీ చెప్పు" అన్నాడు పెద్దాయన. "గట్టిగా చెప్పు, పొయ్యి దగ్గర కాచెకి వినపడలేదు."

మర్నాడు కుర్రవాడి బండి ఎటు వెళ్ళిందో నేను అడగలేదు. సాయంత్రం వాడు భుజం పట్టుకుని తిరుగుతుంటే కూడా అడగలేదు.

ఇంకో గొట్టం సంగతి ఉండిపోయింది. గడ్డల తునకల పరీక్ష, బిళ్ళలు మాన్పించాక చూసేది. ఆ కబురు తెచ్చిన రోజు అపోండి ముందు నా దగ్గరికే వచ్చింది. కొబ్బరి కోరుతున్నాను.

"బాగుందవ్వా. మామూలుకి వచ్చేసింది. ఏ గుర్తూ లేదు."

నా చెయ్యి ఆగిపోయింది. "అయితే ఎక్కొచ్చా?"

"రక్తం వరకూ అడ్డేం లేదు."

కోరుడుపీట పక్కకి జరిపి ఆ పిల్లని పొయ్యి వెనక్కి లాక్కెళ్ళాను. "అమ్మా, ఇంకా తగ్గలేదని చెప్పు. కొంచెం మిగిలిందని చెప్పు. నా మాట వినడు, రక్తం మాట వింటాడు. నువ్వు ఒక్క మాట చెబితే ఇంక నేల మీదే ఉంటాడు."

అపోండి నా చేతికంటిన కొబ్బరి తుడుస్తూ ఉంది.

"అవ్వా, ఆయన రక్తం గురించి ఆయనకి ఒకసారి తప్పు చెప్పాను" అంది. "రెండోసారి నావల్ల కాదు."

వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, లోపలికి వెళ్ళి, కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె బండి మలుపు తిరగగానే ఆయన ఇంటి వెనక్కి నడిచాడు. నేనూ వెళ్ళాను. రావద్దనలేదు. చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి, ఆ ఎత్తుచెట్టు గాట్లలో కాలు పెట్టాడు. వానలకి గాట్లలో నాచు పట్టింది, కాలితోనే గోకి తుడిచాడు. ఒక గాటు, ఇంకో గాటు. నా ఎత్తుకి రెండింతలు ఎక్కాడేమో. అక్కడ ఆగాడు. రెండు చేతులతో చెట్టుని వాటేసుకుని, తల వెనక్కి వంచి పైకి చూశాడు. ఊపిరి సమంగానే ఉంది, నాకు వినిపిస్తోంది. కాలు వణకడం లేదు. కానీ కదల్లేదు. పైన గాలికి మట్టలు గలగలలాడుతున్నాయి. నేను దిగమనలేదు. దిగమంటే ఎక్కేస్తాడని నాకు తెలుసు.

ఎంతసేపటికో దిగడం మొదలుపెట్టాడు. పాదం కింద పెట్టేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ పట్టుకోలేదు. చెప్పులు తొడుక్కుని, కాండం మీద అరిచేత్తో రెండుసార్లు తట్టాడు, ఆవుని తట్టినట్టు.

"ఆ పిల్ల మళ్ళీ వస్తే చెప్పు" అన్నాడు. "నా రక్తానికేం వంక లేదు. ఈ వానలకి చెట్టే పొడుగెదిగింది."

నేనూ తలెత్తి చూశాను. కాయలు గుత్తులుగా ఉన్నాయి.

"అవును" అన్నాను. "బాగా ఎదిగింది."